అనుబంధ రికార్డుల వరుసక్రమం: వెబ్ జాబితాల విశ్వసనీయతకు ఆధారం

పరిపాలనలో పారదర్శకతను పెంపొందించడంలో భాగంగా ప్రభుత్వ శాఖలు తమ వద్ద గల సమాచారాన్ని వెబ్‌సైట్ల ద్వారా ప్రజలకు అందుబాటులో ఉంచుతున్న విషయం విదితమే. లబ్ధిదారుల జాబితాలు, దరఖాస్తుల స్థితిగతులు, టెండర్ల వివరాలు, ప్రభుత్వ ఉత్తర్వులు, పత్రికా ప్రకటనలు మొదలైనవన్నీ డేటాబేస్‌లలో భద్రపరచబడి, కోరిన వెంటనే తెరపై జాబితా రూపంలో కనిపిస్తున్నాయి. ఈ జాబితాలలో ఏమున్నదనే విషయంపై చూపుతున్న శ్రద్ధ, అందులోని అంశాలు ఏ వరుసలో ఉన్నాయనే విషయంపై సాధారణంగా కనిపించదు. అయితే మంజూరుకు 25 మందినే తీసుకోవలసిన సందర్భంలో, జాబితాలోని 25వ పేరుకు, 26వ పేరుకు మధ్య గల తేడా ఒక కుటుంబానికి ఇల్లు రావడానికి, రాకపోవడానికి మధ్య గల తేడా కాగలదు. ఈ దృష్ట్యా వరుసక్రమం అనేది కేవలం కంప్యూటర్ నిపుణులకు మాత్రమే సంబంధించిన అంశంగా భావించరాదు.

2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చిన సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్, ప్రతి ప్రభుత్వ అధికార సంస్థ తన రికార్డులను పౌరుల సమాచార హక్కుకు వీలు కలిగించే రీతిలో జాబితాలుగా, సూచికలతో నిర్వహించాలని నిర్దేశిస్తున్నది. తెరిచిన ప్రతిసారీ వరుస మారిపోయే జాబితా గానీ, ఒక పేరు రెండు పుటల మధ్య జారిపోయే జాబితా గానీ ఈ ఉద్దేశాన్ని నెరవేర్చజాలదు. ఈ నేపథ్యంలో వెబ్ అప్లికేషన్ ఫ్రేమ్‌వర్క్‌లలో ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న రికార్డులను, అంటే అనుబంధ రికార్డులను, వరుసక్రమంలో అమర్చే విధానాన్ని అధికారులు, పాత్రికేయులు స్థూలంగానైనా అవగాహన చేసుకోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.

డేటాబేస్‌కు సహజమైన వరుస లేదు

కాగితపు రిజిస్టరులో నమోదులు వ్రాసిన వరుసలోనే నిలిచి ఉంటాయి. మొదటి పుటలోని మొదటి పేరు ఎన్ని సంవత్సరాలు గడిచినా అక్కడే ఉంటుంది. డేటాబేస్ కూడా ఇదే విధంగా పనిచేస్తుందన్న అభిప్రాయం విస్తృతంగా ఉన్నప్పటికీ అది వాస్తవం కాదు. ఐ.బి.ఎం. సంస్థకు చెందిన శాన్ హోసే పరిశోధనాలయంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970 జూన్‌లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో రిలేషనల్ డేటాబేస్‌కు పునాది వేశారు. సమాచారం యంత్రంలో ఏ వరుసలో నిల్వ ఉన్నదనే దానిపై ప్రోగ్రాములు ఆధారపడరాదని ఆ పత్రంలోనే ఆయన ప్రతిపాదించారు. అందువలన పట్టిక అనేది రికార్డుల సమూహమే తప్ప రికార్డుల వరుస కాదు.

ఆచరణలో దీని ఫలితం ఏమిటంటే, డేటాబేస్‌ను సమాచారం కోరే ఎస్.క్యు.ఎల్. భాషలో 'ఆర్డర్ బై' అనే ఆదేశం చేర్చినప్పుడే వరుసకు హామీ లభిస్తుంది. ఆ ఆదేశం లేనప్పుడు డేటాబేస్ తనకు సులభమైన మార్గంలో రికార్డులను అందజేస్తుంది. చిన్న పట్టికలో కొన్ని నెలల పాటు చేర్చిన వరుసలోనే రికార్డులు కనిపించవచ్చు. తరువాత ఒక రికార్డును సవరించినా, కొత్త సూచిక ఏర్పాటు చేసినా, సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారినా ఆ వరుస చెదిరిపోయే అవకాశం ఉంది. మై ఎస్.క్యు.ఎల్. డేటాబేస్ ఇందుకు చక్కని ఉదాహరణ. పూర్వపు వెర్షన్లలో, రికార్డులను వర్గాల వారీగా లెక్కించే 'గ్రూప్ బై' ఆదేశం ఇచ్చినప్పుడు ఫలితాలు అడగకుండానే వరుసలో వచ్చేవి. 2018లో విడుదలైన 8.0 వెర్షన్ నుంచి ఆ సౌకర్యం తొలగించబడింది. ఆర్డర్ బై వ్రాయకుండా దానిపైనే ఆధారపడిన ప్రోగ్రాములలో ఏ హెచ్చరికా లేకుండా జాబితాల వరుస మారే పరిస్థితి ఏర్పడింది.

పత్రికా కార్యాలయంలో పుట్టిన ఫ్రేమ్‌వర్క్

వెబ్‌సైట్ నిర్మాణంలో పదేపదే అవసరమయ్యే పనులను ముందుగానే సిద్ధం చేసి ఉంచిన సాఫ్ట్‌వేర్ చట్రాన్ని వెబ్ అప్లికేషన్ ఫ్రేమ్‌వర్క్ అంటారు. 2004లో రూబీ ఆన్ రైల్స్, 2005లో కేక్ పీహెచ్‌పీ, 2011లో లారావెల్ ఈ కోవలో వెలువడ్డాయి. వీటిలో జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ చరిత్ర పాత్రికేయులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, లారెన్స్ పట్టణం నుంచి వెలువడే 'లారెన్స్ జర్నల్ వరల్డ్' దినపత్రిక వెబ్ విభాగంలో 2003లో ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ దీని రూపకల్పనకు శ్రీకారం చుట్టారు. వార్తా గడువుల లోపల వెబ్ పుటలను సిద్ధం చేయవలసిన అవసరమే దీనికి ప్రేరణ. 2005 జూలైలో దీనిని అందరికీ ఉచితంగా విడుదల చేయడం జరిగింది. పైథాన్ భాషలో పనిచేసే ఈ ఫ్రేమ్‌వర్క్ ప్రసిద్ధ గిటార్ విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ పేరును ధరించింది. ఈ వ్యాసంలోని ఉదాహరణలకు జాంగోనే ఆధారంగా తీసుకోవడమైనది. అయితే మూలసూత్రాలు మిగిలిన ఫ్రేమ్‌వర్క్‌లకూ వర్తిస్తాయి.

ఉదాహరణకు, ఒక రాష్ట్రస్థాయి సమాచార వెబ్‌సైట్‌లో జిల్లాల పట్టిక ఒకటి, పత్రికా ప్రకటనల పట్టిక మరొకటి ఉన్నాయనుకుందాం. ప్రతి ప్రకటన రికార్డులోనూ అది ఏ జిల్లాకు చెందినదో తెలిపే సంఖ్య ఒకటి ఉంటుంది. దీనిని ఫారిన్ కీ అంటారు. ఈ సంఖ్య ద్వారా ఒక జిల్లాకు అనేక ప్రకటనలు అనుబంధంగా ఉంటాయి. ఇక్కడ జిల్లా మాతృ రికార్డు, ప్రకటనలు అనుబంధ రికార్డులు. తహశీల్దారు కార్యాలయంలో ఒక ఫైలు, దానిలో అనేక కాగితాలు ఉన్న రీతిలోనే ఈ సంబంధాన్ని అర్థం చేసుకోవచ్చును.

మూడు వేర్వేరు కోరికలు

అనుబంధ రికార్డులను వరుసలో పెట్టండి అని సాధారణంగా ఒకే మాటలో కోరుతుంటారు. వాస్తవానికి ఆ మాటలో మూడు వేర్వేరు కోరికలు ఇమిడి ఉన్నాయి. ఏది కావాలో స్పష్టం చేయకపోవడమే అనేక లోపాలకు మూలకారణం.

మొదటిది, అనుబంధ రికార్డులను మాతృ రికార్డులోని అంశాన్ని బట్టి అమర్చడం. అన్ని ప్రకటనలనూ జిల్లా పేరు వరుసలో చూపడం ఇందుకు ఉదాహరణ. ఇందుకోసం రెండు పట్టికలను కలిపి చదవవలసి ఉంటుంది. జాంగోలో జిల్లా అనే మాట తరువాత రెండు అండర్‌స్కోర్ గుర్తులు చేర్చి పేరు అని వ్రాసినట్లయితే ఈ పని పూర్తవుతుంది. పేరు అని చేర్చకుండా జిల్లా అని మాత్రమే వ్రాసినప్పుడు, జిల్లాల పట్టికకు ముందుగా నిర్ణయించిన వరుస వర్తిస్తుంది. అటువంటి నిర్ణయం ఏదీ లేనట్లయితే జిల్లా క్రమసంఖ్య ప్రకారం ప్రకటనలు అమరుతాయి. అక్షరక్రమం ఆశించిన అధికారికి అప్పుడు తెరపై కనిపించేది జిల్లాలను కంప్యూటర్‌లో నమోదు చేసిన వరుస మాత్రమే.

రెండవది, ప్రతి మాతృ రికార్డు క్రింద ఉండే అనుబంధ రికార్డులను వాటిలో అవి అమర్చడం. జిల్లాల వారీగా శీర్షికలు ఉండి, ప్రతి జిల్లా క్రింద తాజా ప్రకటన ముందుగా కనిపించడం దీని ఉద్దేశం. రైల్స్, లారావెల్, కేక్ పీహెచ్‌పీలలో రెండు పట్టికల సంబంధాన్ని నిర్వచించే చోటనే ఈ క్రమాన్ని పేర్కొనే వీలు కలదు. జాంగోలో అనుబంధ రికార్డుల నమూనాలోనే సాధారణ క్రమాన్ని ప్రకటించవచ్చు, లేదా అవసరమైన పుట వరకు విడిగా కోరవచ్చు.

మూడవది, మాతృ రికార్డులను వాటి అనుబంధ రికార్డులను బట్టి అమర్చడం. ఇటీవల ప్రకటన విడుదల చేసిన జిల్లా ముందు, చాలాకాలంగా ప్రకటన వెలువడని జిల్లా చివర కనిపించాలని కోరడం ఈ కోవకు చెందినది. మూడింటిలోనూ ఎక్కువ పొరపాట్లకు తావిచ్చేది ఇదే. జిల్లాలను ప్రకటన తేదీని బట్టి అమర్చమని నేరుగా ఆదేశించినట్లయితే, 12 ప్రకటనలు గల జిల్లా జాబితాలో 12 సార్లు కనిపిస్తుంది. ఏ ప్రకటన తేదీని లెక్కలోకి తీసుకోవాలో చెప్పకపోవడం వలన డేటాబేస్ ప్రతి తేదీకి ఒక వరుసను ఇస్తుంది. ఈ ఫలితాన్ని గురించి జాంగో అధికారిక పత్రాలలోనూ హెచ్చరిక ఉన్నది. ప్రతి జిల్లాకు అత్యంత తాజా తేదీని ముందుగా గణించి, ఆ ఒక్క తేదీ ఆధారంగా జిల్లాలను అమర్చడమే సరైన విధానం.

ఖాళీ గడుల స్థానం

పై ఉదాహరణలోనే మరొక చిక్కు కలదు. ఒక జిల్లాకు ఇంతవరకు ప్రకటన ఏదీ లేనట్లయితే దాని తాజా తేదీ ఖాళీగా ఉంటుంది. ఖాళీ గడిని పెద్దదిగా భావించాలా, చిన్నదిగా భావించాలా అనే విషయంలో డేటాబేస్‌ల మధ్య ఏకాభిప్రాయం లేదు. పోస్ట్‌గ్రెస్ ఖాళీ గడిని అన్నింటికంటె పెద్దదిగా పరిగణిస్తుంది. మై ఎస్.క్యు.ఎల్., ఎస్.క్యు.లైట్ అన్నింటికంటె చిన్నదిగా పరిగణిస్తాయి. అందువలన తాజా తేదీ ముందు వచ్చే అవరోహణ క్రమాన్ని కోరినప్పుడు, పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క ప్రకటన కూడా లేని జిల్లాయే జాబితాలో అగ్రస్థానంలో నిలుస్తుంది. మై ఎస్.క్యు.ఎల్.లో అదే జిల్లా అట్టడుగుకు చేరుతుంది. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారకపోయినా, డేటాబేస్ మారినంత మాత్రాన జాబితా తలక్రిందులవుతుందన్న మాట.

2017 ఏప్రిల్‌లో విడుదలైన జాంగో 1.11 వెర్షన్ నుంచి ఖాళీ గడులు ముందు ఉండాలా, చివర ఉండాలా అన్నది స్పష్టంగా పేర్కొనే సౌకర్యం ఉన్నది. పరిష్కార తేదీ నమోదు కాని అర్జీలు, తనిఖీ జరగని వసతిగృహాలు వంటి జాబితాలలో ఈ ఖాళీ గడులే అసలు సమాచారం. వాటి స్థానాన్ని యంత్రానికి వదలివేయడం సముచితం కాదు.

పుటల మధ్య జారిపోయే రికార్డు

పెద్ద జాబితాలను వెబ్‌సైట్లలో పుటలుగా విభజించి చూపడం పరిపాటి. ఒకే తేదీతో 40 దరఖాస్తులు ఉన్నాయని, పుటకు 25 చొప్పున చూపుతున్నారని అనుకుందాం. జాబితాను తేదీ ప్రకారం మాత్రమే అమర్చినట్లయితే, ఈ 40 దరఖాస్తులలో ఏది ముందు, ఏది వెనుక అనే నిర్ణయానికి ఆధారం లేదు. పౌరుడు మొదటి పుటను చూసినప్పుడు డేటాబేస్ ఒక వరుసలో 25 ఇస్తుంది. రెండవ పుటను కోరినప్పుడు డేటాబేస్ మళ్ళీ మొదటి నుంచి లెక్కించి, 25 వదలి, మిగిలిన 15 ఇస్తుంది. ఈ రెండు సందర్భాలలో సమాన తేదీలు గల రికార్డుల వరుస ఒకే విధంగా ఉంటుందన్న హామీ లేదు. ఫలితంగా ఒక దరఖాస్తు రెండు పుటలలోనూ కనిపించి, మరొకటి ఏ పుటలోనూ కనిపించకపోయే అవకాశం ఉంది. పుట పైభాగంలో మొత్తం సంఖ్య 40 అని సరిగానే కనిపిస్తుంది. ప్రతి పుటలో ఉండవలసినన్ని వరుసలూ ఉంటాయి. కనుక లోపం ఎవరి దృష్టికీ రాదు. తన పేరు కోసం రెండు పుటలూ వెదికిన దరఖాస్తుదారుడు మాత్రం తన దరఖాస్తు తిరస్కరించబడిందని భావించి వెనుదిరుగుతాడు.

ఈ లోపానికి పరిష్కారం అత్యంత సులభం. తేదీ తరువాత, ఏ రెండు రికార్డులకూ సమానం కాని అంశాన్ని, అంటే ప్రైమరీ కీ అనే క్రమసంఖ్యను, రెండవ ప్రాతిపదికగా చేర్చాలి. అప్పుడు ఎన్నిసార్లు అడిగినా వరుస ఒకే విధంగా ఉంటుంది. జాంగోలోని అంతర్నిర్మిత నిర్వాహక పుటలు ఈ జాగ్రత్తను తమంతట తామే తీసుకుంటాయి. ప్రజలకు కనిపించే పుటలను రూపొందించే సందర్భంలో మాత్రం ఆ బాధ్యత రూపకర్తలదే. వరుస ఏదీ పేర్కొనకుండా పుటలుగా విభజించినప్పుడు జాంగో 1.11 వెర్షన్ నుంచి హెచ్చరిక ఇస్తున్నది. అయితే తేదీ ఒక్కటే పేర్కొని, సమానమైన తేదీల సంగతి విస్మరించినప్పుడు ఈ హెచ్చరిక రాదన్నది గమనార్హం.

నిరీక్షణ జాబితాల విషయంలో మరొక అంశాన్ని కూడా దృష్టిలో ఉంచుకోవాలి. క్రమసంఖ్య ద్వారా వరుసకు స్థిరత్వం లభిస్తుందే తప్ప న్యాయం లభించదు. సమాన అర్హత గల ఇద్దరిలో ఎవరికి ప్రాధాన్యం అన్నది దరఖాస్తు సమయమా, వయస్సా, మరొకటా అన్నది మార్గదర్శకాలలో నిర్ణయించవలసిన విషయం. కంప్యూటర్‌లో ముందుగా నమోదైన రికార్డుకు ప్రాధాన్యం ఇవ్వడమంటే, డేటా ఎంట్రీ ఆపరేటరు చేతిలోని కట్టలో పైన ఉన్న దరఖాస్తుకు ప్రాధాన్యం ఇవ్వడమే అవుతుంది.

అంకెలు, తేదీలు అక్షరాలుగా మారినప్పుడు

సర్వే నంబర్లలో 45/1, 45/2 వంటి ఉప సంఖ్యలు ఉండడం వలన వాటిని డేటాబేస్‌లో అంకెలుగా కాక అక్షరాలుగా భద్రపరుస్తారు. అక్షరాల వరుసలో మొదటి గుర్తును మొదటి గుర్తుతో, రెండవదానిని రెండవదానితో పోల్చడం జరుగుతుంది. అందువలన 9 కంటె 10 ముందు వస్తుంది. 45/1 తరువాత 45/10 వచ్చి, ఆ తరువాత 45/2 వస్తుంది. వార్డుల సంఖ్యలు, ప్రభుత్వ ఉత్తర్వుల సంఖ్యలు, ఇంటి నంబర్లు కూడా ఈ ఇబ్బందికి లోనవుతాయి. తేదీని రోజు, నెల, సంవత్సరం వరుసలో అక్షరాలుగా నమోదు చేసిన పక్షంలో 2010 సంవత్సరపు 1వ తేదీ, 2005 సంవత్సరపు 2వ తేదీ కంటె ముందు నిలుస్తుంది. ప్రధాన సంఖ్యను, ఉప సంఖ్యను వేర్వేరు గడులలో అంకెలుగా, తేదీని తేదీగానే భద్రపరచడం ద్వారా ఈ సమస్యను మూలంలోనే నివారించవచ్చును.

తెలుగు అక్షరక్రమం

తెలుగులో పేర్లను అమర్చే విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. యూనికోడ్ ప్రమాణంలో తెలుగు అక్షరాలకు కేటాయించిన సంఖ్యలు, భారతీయ లిపులన్నింటికీ ఉమ్మడిగా రూపొందించిన ఇస్కీ ప్రమాణాన్ని అనుసరించి ఉన్నాయి. ఈ కారణంగా 'ళ' అక్షరం 'ల' పక్కనే, 'ఱ' అక్షరం 'ర' పక్కనే నిలిచాయి. తెలుగు వర్ణమాలలో మాత్రం 'ళ', 'ఱ' అక్షరాలను 'హ' తరువాత చదువుకోవడం సంప్రదాయం. వర్ణమాల ప్రకారం కలువ, కవి, కసి, కళ అనే వరుసలో రావలసిన పదాలు యూనికోడ్ సంఖ్యల ప్రకారం కలువ, కళ, కవి, కసి అని అమరుతాయి.

సున్న విషయంలోనూ ఇదే స్థితి. యూనికోడ్‌లో సున్నకు అచ్చులన్నింటికంటె ముందు సంఖ్య కేటాయించబడింది. గుణింతంలో మాత్రం కౌ తరువాత కం వస్తుంది. యూనికోడ్ సంఖ్యల ప్రకారం కంభం, కడప, కర్నూలు, కాకినాడ, కౌతాళం అని వచ్చే ఊళ్ళ జాబితా, గుణింతం వరుసలో కడప, కర్నూలు, కాకినాడ, కౌతాళం, కంభం అని ఉంటుంది. ఈ రెండింటిలో ఏది అనుసరణీయమన్నది శాఖ నిర్ణయించుకోవలసి ఉంటుంది. అక్షరాలను పోల్చే నియమావళిని డేటాబేస్ పరిభాషలో కొలేషన్ అంటారు. 2021లో విడుదలైన జాంగో 3.2 వెర్షన్ నుంచి ఒక్కొక్క గడికి తగిన కొలేషన్‌ను నేరుగా పేర్కొనే వీలు కలిగింది. 2023లో విడుదలైన పోస్ట్‌గ్రెస్ 16 వెర్షన్‌లో సొంత నియమాలతో కొలేషన్‌ను రూపొందించుకునే సదుపాయం కూడా చేర్చబడింది.

పేర్ల నమోదులోనే వరుసను చెడగొట్టే అంశాలు మరికొన్ని కలవు. తెలుగునాట ఇంటిపేరు ముందు, పేరు తరువాత వ్రాయడం ఆచారం. ఒకే గడిలో పూర్తి పేరును నమోదు చేసినప్పుడు జాబితా ఇంటిపేరు వరుసలో అమరుతుంది. కొందరికి ఇంటిపేరు పూర్తిగా, కొందరికి పొడి అక్షరంగా, మరికొందరికి పేరు చివర నమోదు చేసినట్లయితే జాబితాకు ఒక క్రమమంటూ ఉండదు. పేరుకు ముందు పొరపాటున చేరిన ఒక ఖాళీ స్థలం, ఆ పేరును జాబితా ప్రారంభానికి తీసుకుపోవచ్చు. ఇంటిపేరు, పేరు వేర్వేరు గడులలో ఉంచి, నమోదు సమయంలోనే అదనపు ఖాళీలను తొలగించడం శ్రేయస్కరం.

ఆచారంగా వస్తున్న వరుసలు

అక్షరక్రమానికి, తేదీకి, సంఖ్యకు లోబడని వరుసలు కూడా పరిపాలనలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ జిల్లాలను పేర్కొనేటప్పుడు శ్రీకాకుళంతో ప్రారంభించి, కోస్తా వెంబడి దక్షిణానికి వచ్చి, పిమ్మట రాయలసీమ జిల్లాలను చెప్పడం పరిపాటి. అక్షరక్రమంలో అమర్చినప్పుడు అనంతపురం ముందుకు వచ్చి, శ్రీకాకుళం చివరి వరుసలకు చేరుతుంది. అధికారుల హోదా క్రమం, శాఖల ప్రాధాన్యక్రమం కూడా ఇటువంటివే. ఈ వరుసలను యంత్రం ఊహించజాలదు. మాతృ పట్టికలో వరుస సంఖ్య కోసం ప్రత్యేకంగా ఒక గడిని ఏర్పాటు చేసి, దాని ఆధారంగా అమర్చడమే మార్గం.

జిల్లాల పునర్వ్యవస్థీకరణ సందర్భాలలో ఈ గడి ప్రయోజనం స్పష్టమవుతుంది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న జిల్లాల సంఖ్య 10 నుంచి 31కి, 2019 ఫిబ్రవరిలో 33కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లాలను కంప్యూటర్ క్రమసంఖ్య ప్రకారం చూపే వెబ్‌సైట్లలో ఇటువంటి కొత్త జిల్లాలన్నీ జాబితా చివరకు చేరుతాయి. వరుస సంఖ్యకు ప్రత్యేక గడి ఉన్న చోట ఆ అంకెలను సవరించినంత మాత్రాన ప్రతి జిల్లా తన స్థానానికి చేరుకుంటుంది. పాత ప్రకటనల రికార్డులను తాకవలసిన అవసరం ఉండదు.

సర్వర్‌పై పడే భారం

వరుసలో అమర్చే పని ఎక్కడ జరుగుతున్నదనే అంశం వెబ్‌సైట్ వేగాన్ని ప్రభావితం చేస్తుంది. 26 జిల్లాలను, ప్రతి జిల్లా క్రింద దాని ప్రకటనలను చూపే పుటను పరిశీలిద్దాం. జిల్లాల కోసం ఒకసారి, ఆపై ఒక్కొక్క జిల్లా ప్రకటనల కోసం ఒక్కొక్కసారి డేటాబేస్‌ను అడిగినట్లయితే మొత్తం 27 ప్రశ్నలు అవుతాయి. అన్ని జిల్లాల ప్రకటనలను ముందుగానే ఒకేసారి తెప్పించుకునే విధానంలో ఇవి రెండు ప్రశ్నలకు తగ్గుతాయి. అయితే ఆ విధంగా తెప్పించిన తరువాత, పుటను సిద్ధం చేసే దశలో ప్రతి జిల్లా ప్రకటనలనూ మళ్ళీ వరుసలో అమర్చమని ఆదేశించినప్పుడు జాంగో తెచ్చిన సమాచారాన్ని పక్కనపెట్టి, జిల్లాకు ఒకటి చొప్పున మళ్ళీ ప్రశ్నలు పంపుతుంది. 2014లో విడుదలైన 1.7 వెర్షన్ నుంచి, ముందుగా తెప్పించుకునే ఆదేశంలోనే వరుసను కూడా పేర్కొనే సౌకర్యం ఉన్నది. పరీక్షా ఫలితాల విడుదల వంటి రద్దీ సమయాలలో ఈ తేడా సర్వర్ నిలబడడానికి, నిలిచిపోవడానికి మధ్య తేడాగా పరిణమించవచ్చు. తరచుగా వరుసకు ఉపయోగించే గడులకు సూచికలు ఏర్పాటు చేయడం కూడా వేగానికి దోహదపడుతుంది.

వెబ్‌సైట్‌ను స్వీకరించే ముందు పరిశీలించవలసిన అంశాలు

సాంకేతిక పరిజ్ఞానం లేకపోయినా అధికారులు కొన్ని ప్రశ్నల ద్వారా వెబ్‌సైట్ నాణ్యతను అంచనా వేయవచ్చును. ప్రతి జాబితాకు వరుస ఏ ప్రాతిపదికపై నిర్ణయించబడిందో వ్రాతపూర్వకంగా పేర్కొన్నారా, సమానమైన రికార్డుల మధ్య వరుసను నిర్ణయించే చివరి ప్రాతిపదిక ఉన్నదా, ఖాళీ గడులు ఎక్కడ ఉండాలో నిర్ణయించారా, తెలుగు పేర్లకు ఏ అక్షరక్రమాన్ని అనుసరిస్తున్నారు అనే నాలుగు ప్రశ్నలకు సమాధానాలను ఒప్పంద పత్రంలోనే చేర్చడం మంచిది. ఒకే తేదీతో పుటకు మించిన సంఖ్యలో నమూనా రికార్డులను నమోదు చేయించి, అన్ని పుటలలోని సంఖ్యలను సరిపోల్చడం ద్వారా పుటల లోపాన్ని గుర్తించే అవకాశం ఉంది. ఒకసారి పరీక్షించినప్పుడు తేడా కనిపించనంత మాత్రాన లోపం లేదని నిర్ధారించరాదు. చివరి ప్రాతిపదిక ఏమిటని అడిగి తెలుసుకోవడం తప్పనిసరి.

పాత్రికేయులు కూడా వెబ్‌సైట్ జాబితాల ఆధారంగా వార్తలు వ్రాసేటప్పుడు కొంత జాగ్రత్త వహించవలసి ఉంటుంది. జాబితాలో అగ్రస్థానంలో ఉన్న జిల్లా నిజంగానే ముందున్నదా, లేక సమాచారం లేనందువలన పైకి వచ్చిందా అన్నది గమనించాలి. రెండు రోజుల వ్యవధిలో ఒకే జాబితా వరుస మారినప్పుడు పేర్లు తారుమారు చేశారని నిర్ధారణకు వచ్చే ముందు, ఆ జాబితాకు స్థిరమైన వరుస ఉన్నదో లేదో సంబంధిత శాఖను అడగాలి. జాబితాలో పేరు లేదని వ్రాసే ముందు పుటలను త్రిప్పి చూడడంతో సరిపెట్టక, దరఖాస్తు సంఖ్య ద్వారా నేరుగా వెదికి నిర్ధారించుకోవడం సముచితం.

ఏ వరుస కావాలో నిర్ణయించవలసినది శాఖ. ఆ నిర్ణయాన్ని స్పష్టంగా, సమానమైన రికార్డులకు సైతం తావు లేకుండా ప్రోగ్రాములో పొందుపరచవలసినది రూపకర్తలు. ఈ రెండు బాధ్యతలూ నెరవేరినప్పుడే దరఖాస్తుదారుడు తన పేరును ఈ రోజు చూసినా, రేపు చూసినా అదే స్థానంలో చూడగలుగుతాడు.